పళ్లెం ముందు కాగితం అడగొద్దు!



మన సంఘం పత్రికలో ఇప్పటిదాకా పగార్ గురించి, పాళీ గురించి, బోనస్ గురించి రాస్తూ వచ్చాం. ఈసారి మన పిల్లల మధ్యాహ్న భోజనం గురించి రాస్తున్నాం. "బువ్వ సంగతి బడి చూసుకుంటది, సంఘానికెందుకు?" అని కొందరు మమ్మల్ని అడిగారు. ముందు జరిగిన సంగతి చెబుతాం. సంఘానికెందుకో మీకే తెలుస్తుంది.

దసరా పోయిన తర్వాత సిరిసిల్ల నుంచి ఒక కుటుంబం భివండీ వచ్చింది. అక్కడ సాంచెలకు పని లేదు. తండ్రి ఇక్కడొక కార్ఖానాలో రాత్రి పాళీకి కుదిరాడు. తల్లి కండెలు చుట్టడానికి పోతోంది. పెద్దబిడ్డది ఆరో తరగతి. మన వాడకు దగ్గరున్న బడికి తీసుకుపోతే సార్లు వెళ్లగొట్టలేదు. "కూసోనియ్యండి, కాగితాలు తెచ్చినంక పేరు రాస్తం" అన్నారు.

మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలంతా పళ్లేలు పట్టుకొని వరుసలో నిలబడ్డారు. ఈ పిల్ల పేరు రిజిస్టరులో లేదు. పేరు లేని పిల్లకు లెక్కలో బియ్యం లేవు. బియ్యం లేని పిల్లకు పళ్లెం లేదు. ఆమె నల్లా దగ్గరికి పోయి నీళ్లు తాగి వచ్చి కూర్చుంది. ఇట్లా పదమూడు రోజులు గడిచాయి. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. చెబితే తల్లి పని మానుకొని బడికి రావాల్సి వస్తుందని, ఆ రోజు కూలి పోతుందని ఆ పిల్లకు తెలుసు.

మరి మనకెట్లా తెలిసింది? మన సభ్యుడి కొడుకు అదే తరగతిలో ఉన్నాడు. వాడు ఇంట్లో, "అమ్మా, రేపటి నుంచి నాకు రెండు రొట్టెలు కట్టియ్యి" అన్నాడు. "బడిల బువ్వ పెడుతుండ్రు కదరా, రొట్టెలెందుకు?" అని తల్లి అడిగితే అసలు సంగతి బయటపడింది. పదకొండేళ్ల పిల్లవాడికి తట్టిన ఉపాయం ఇంత పెద్ద నగరపాలికకు తట్టలేదు!

మేము నలుగురం బడికి పోయాం. పెద్దసారు చెడ్డవాడు కాదు. రిజిస్టరు తీసి మా ముందే పెట్టాడు. "అన్నా, పేరు లేని పిల్లకు పెడితే రేపు లెక్క నా మెడకు చుట్టుకుంటది. ఊరి బడి నుంచి టీసీ తెప్పియ్యండి, ఆ నిమిషంలనే పేరు రాస్త" అన్నాడు. టీసీ తేవాలంటే తండ్రి సిరిసిల్ల పోయి రావాలి. పోను రాను ఖర్చు, మూడు పాళీల కూలి, పైగా కొత్తగా కుదిరినవాడు మూడు రోజులు రాకపోతే సేటు ఆ సాంచెల మీద ఇంకొకణ్ణి నిలబెడతాడు. అంటే పిల్ల పళ్లెంలో గరిటెడు ఖిచిడి పడాలంటే తండ్రి పని పోగొట్టుకోవాలి. ఇదేనా ఉచిత భోజనం?

చట్టం ఎవరి పక్షం?

చట్టం చేతికి తీసుకొని చదివాం. చదివినకొద్దీ కోపం పెరిగింది. ఎందుకంటే ఆ పిల్లను పస్తు ఉంచమని చట్టంలో ఎక్కడా లేదు. దానికి పూర్తిగా వ్యతిరేకంగా ఉంది.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం పిల్లలు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రం బడికి మారొచ్చు. టీసీ రావడం ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపకూడదు, ఆలస్యం చేయకూడదు. 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని ఏ పిల్లనూ తిప్పి పంపకూడదు. 15వ సెక్షన్ ప్రకారం సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాల్సిందే.

ఇంకా ముఖ్యమైనది 9వ సెక్షన్. అది స్థానిక సంస్థ, అంటే మన నగరపాలిక, చేయాల్సిన పనులు చెబుతుంది. తన హద్దులో నివసించే 14 ఏళ్ల లోపు పిల్లలందరి రికార్డు పెట్టాలి. వలస వచ్చిన కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించాలి. అది వాళ్ల విధి. అర్థం ఏమిటి? మనం కాగితాలు పట్టుకొని వాళ్ల గుమ్మం ముందు నిలబడటం కాదు. వాళ్లు రిజిస్టరు పట్టుకొని మన ఖోలీల గుమ్మం ముందుకు రావాలి!

ఇక భోజనం సంగతి. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం 5వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో 8వ తరగతి వరకు సెలవులు తప్ప ప్రతిరోజూ ఒక పూట ఉచిత భోజనం పిల్లల హక్కు. ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల ధాన్యం, ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లకు 150 గ్రాములు. భోజనం పెట్టలేకపోతే ఆ రోజులకు ఆహార భద్రతా భత్యం ఇవ్వాలని 2015 నియమాల్లో ఉంది. మన పిల్లకు పదమూడు రోజుల భోజనం బాకీ ఉంది. ఎవరు తీరుస్తారు?

రేషన్ దుకాణానికి కనబడిన పిల్ల బడికి కనబడదా?

ఒక్క మాట ఆలోచించండి. ఆహార భద్రతా కార్డు సిరిసిల్లలో ఇచ్చిందైనా భివండీ రేషన్ దుకాణంలో చెల్లుతుంది. 2020 జనవరి నుంచి తెలంగాణ, మహారాష్ట్రతో సహా 12 రాష్ట్రాల మధ్య ఈ ఏర్పాటు మొదలై తర్వాత దేశమంతటికీ వచ్చింది. ఆ తండ్రి పోయి వేలు పెడితే యంత్రం గుర్తుపడుతుంది. ఆ కార్డు మీద ఎంతమంది ఉన్నారో, వాళ్లలో పిల్లలెవరో యంత్రం చెబుతుంది. ఆ పిల్ల పేరు అందులో ఉంది!

రేషన్ బియ్యం ఏ చట్టం కింద వస్తాయి? 2013 ఆహార భద్రతా చట్టం కింద. బడి భోజనం? అదే చట్టం కింద. చట్టం ఒకటే, ప్రభుత్వం ఒకటే, పిల్ల ఒక్కతే. దుకాణంలో ఆమె ఉంది, బడిలో లేదు. వలస కుటుంబం కార్డు ఇక్కడి దుకాణంలో మొదటిసారి చెల్లిన రోజే ఆ సమాచారం వార్డు బడికి చేరేట్టు చేయడానికి ఏమంత కష్టం? కుటుంబం అడగకముందే పిల్ల పేరు రిజిస్టరులో ఎక్కాలి. మేము అడిగేది ఇదే. దరఖాస్తు వద్దు, సిఫారసు వద్దు, పేరు దానంతట అది ఎక్కాలి.

ఇక్కడొక జాగ్రత్త. పిల్లల వేలిముద్రలు తీసి అన్నం పెట్టమని మేము అనడం లేదు. అట్లాంటి ప్రయత్నం కూడా జరిగింది. 2017 ఫిబ్రవరి 28న కేంద్రం మధ్యాహ్న భోజనానికి ఆధార్ అడుగుతూ నోటిఫికేషన్ ఇచ్చింది. దేశమంతా మండిపడితే వారం తిరగకముందే, ఆధార్ లేదని ఎవరికీ భోజనం ఆపబోమని చెప్పుకోవాల్సి వచ్చింది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు కూడా ఆధార్ చూపలేదని ఏ పిల్లకూ పథకాల ఫలం నిరాకరించకూడదని తీర్పు చెప్పింది. కాబట్టి మా మాట స్పష్టంగా వినండి. జాబితా ఉండేది పిల్లను వెతికి తేవడానికి. జాబితాలో లేదని పిల్లను వెళ్లగొట్టడానికి కాదు.

ఈ అన్నం వెనుక మగ్గం ఉంది

బడిలో అన్నం పెట్టడం పాలకుల దయతో పుట్టలేదు. దాని చరిత్రలో బట్ట నేసే మనుషులున్నారు.

ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల ఊరు. అక్కడి మానింగ్‌హామ్ మిల్లులో 1890-91లో పెద్ద సమ్మె జరిగింది. కార్మికులు ఓడిపోయారు. కానీ ఆ ఓటమి నుంచే తమకంటూ పార్టీ కావాలన్న పట్టుదల వచ్చింది. ఆ ఊళ్లో చిన్నప్పుడే మిల్లుకు పోయిన ఫ్రెడ్ జోవెట్ 1906లో పార్లమెంటుకు గెలిచి, ఆకలితో ఉన్న పిల్లకు పాఠం ఎక్కదని అక్కడ వాదించాడు. ఆ సంవత్సరమే బడి భోజనాల చట్టం వచ్చింది. 1907లో బ్రాడ్‌ఫర్డ్ బడి పిల్లలకు భోజనం మొదలైంది.

మన దేశంలో 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం ఫలహారం పెట్టించింది. తలకు రోజుకు ఒక అణా మించకూడదని లెక్క. అప్పుడు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. నేత పని చేసే దేవాంగ కులంలో పుట్టిన తెలుగువాడు. ఆయన మనలాంటి కూలివాడు కాదు, ధనవంతుడు. అయినా తిండి పెడితే పేద పిల్లలు బడికి వస్తారని గ్రహించాడు. 1925లో తెల్ల ప్రభుత్వం ఆ ఖర్చుకు అడ్డుపడింది. అప్పుడూ కాగితమే అడ్డం వచ్చింది: ప్రాథమిక విద్య నిధిని అన్నానికి ఖర్చు పెట్టకూడదట!

తర్వాత మద్రాసు రాష్ట్రంలో 1956లో కామరాజ్, తమిళనాడులో 1982 జూలై 1న ఎంజీఆర్ ఆ పని పెద్దది చేశారు. 1995 ఆగస్టు 15న పి.వి. నరసింహారావు ప్రభుత్వం దేశమంతటికీ పథకం తెచ్చింది. కానీ చాలా రాష్ట్రాలు వండి పెట్టలేదు. నెలకు మూడు కిలోల ధాన్యం ఇచ్చి చేతులు దులుపుకున్నాయి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, వండిన భోజనమే పెట్టాలని ఆదేశించిన తర్వాత గాని పొయ్యి వెలగలేదు. ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు అడిగారు, కొట్లాడారు. ఇప్పుడు మన వంతు.

దరఖాస్తు పెట్టిన చోట ఆకలి మిగిలింది

కొందరు పెద్దమనుషులు అంటారు: "అందరికీ ఎందుకు? నిజమైన పేదలెవరో తేల్చి వాళ్లకే పెట్టండి." వినడానికి బాగుంటుంది. అదే ఇంగ్లండు ఇప్పుడేం చేస్తోందో చూడండి. అక్కడ చిన్న తరగతులు దాటిన పిల్లకు ఉచిత భోజనం కావాలంటే తల్లిదండ్రులు తమ పేదరికాన్ని రుజువు చేసుకోవాలి. ప్రభుత్వ సాయం పొందే కుటుంబమైనా సంపాదన ఏడాదికి 7,400 పౌండ్లు దాటితే పిల్లకు భోజనం లేదని 2018లో గీత గీశారు. సాయం పొందే కుటుంబాల పిల్లలందరికీ 2026 సెప్టెంబరు నుంచి హక్కు ఇస్తామని 2025 జూన్‌లో ప్రకటించారు. హక్కు పెరిగితే మంచిదే. కానీ హక్కు ఉండి కూడా దరఖాస్తు పెట్టని కుటుంబాలు అక్కడ ఎప్పుడూ ఉన్నాయి. ఫారం అర్థం కానివాళ్లు, భాష రానివాళ్లు, సిగ్గుపడినవాళ్లు. అందుకే షెఫీల్డ్ లాంటి నగరాలు తమ దగ్గరున్న రికార్డులు తామే చూసి, అర్హత ఉన్న పిల్లల పేర్లు తామే ఎక్కిస్తున్నాయి. అమెరికాలో 2004 చట్టం కూడా అదే దారి పట్టింది. ఆహార సాయం పొందే కుటుంబాల పిల్లలను వేరే దరఖాస్తు లేకుండా బడి భోజనంలో చేర్చాలంది.

చూశారా! అంత డబ్బున్న దేశాలే దరఖాస్తుతో విసిగి పేర్లు వాటంతటవి ఎక్కే పద్ధతికి వస్తున్నాయి. మన దేశంలో బడికి వచ్చిన ప్రతి పిల్లకూ అన్నం అనే మంచి పద్ధతి ముందే ఉంది. దాన్ని టీసీ పేరుతో, ఆన్‌లైన్ పేరుతో మళ్లీ దరఖాస్తు పద్ధతిగా మారుస్తున్నారు. ముందు తలుపు తెరిచి, పక్కన కిటికీ పెట్టి, అక్కడ కాగితం అడుగుతున్నారు.

ఎనిమిదో తరగతితో ఆకలి తీరుతుందా?

ఇంకో అన్యాయం ఉంది. మహారాష్ట్రలో ఈ భోజనం ఎనిమిదితో ఆగిపోతుంది. తొమ్మిదిలో అడుగుపెట్టిన పిల్లకు ఆకలి ఉండదా? తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు ప్రభుత్వాలు తమ డబ్బుతో పదో తరగతి వరకు పెడుతున్నాయి. సిరిసిల్లలో ఉన్న మేనమామ బిడ్డ పదో తరగతిలో బడిలోనే తింటుంది. సోలాపూర్లో ఉన్న మేనత్త బిడ్డ తొమ్మిదో తరగతిలో ఖాళీ కడుపుతో కూర్చుంటుంది. తల్లి బీడీలు చుట్టి, తండ్రి తువ్వాళ్లు నేసి తెచ్చిన డబ్బు రెండు పూటలకే సరిపోదు. ఆ వయసులోనే మగపిల్లవాడు సాంచెల మీదికి, ఆడపిల్ల బీడీల చాట ముందుకు పోతున్నారు. ఒక పళ్లెం అన్నం వాళ్లను ఇంకో రెండేళ్లు బడిలో ఉంచుతుంది.

విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లలో చేరిన మన పిల్లలది ఇంకో గతి. ఆదాయం పత్రం, నివాసం పత్రం అన్నీ చూసి, వీళ్లు పేదలేనని ప్రభుత్వమే ముద్ర వేసింది. కానీ ఎయిడ్ లేని ప్రైవేటు బడి కాబట్టి అక్కడ భోజనం లేదు. పక్క పిల్లలు డబ్బాలు విప్పుకుంటుంటే వీళ్లు చూస్తూ ఉండాలి. పేదవాళ్లని ఒకసారి తేల్చిన తర్వాత ఆ జాబితా ప్రకారమే వాళ్లకు భోజనం అందించడానికి ఇంకే రుజువు కావాలి?

వాళ్ల సాకులు, మన జవాబులు

"దొంగ పేర్లు ఎక్కుతాయి" అంటారు. దొంగ పేర్లు పిల్లలు రాయరు, బిల్లులు పెట్టేవాళ్లు రాస్తారు. వాళ్లను పట్టుకోవాలంటే తిన్న పిల్లల్ని రోజూ తల లెక్కపెట్టి, ఆ లెక్క బడి గోడ మీద రాయండి. తల్లులు వచ్చి చూసుకుంటారు. దొంగను పట్టలేక ఆకలిగొన్న పిల్లను శిక్షించడం ఏం న్యాయం?

"డబ్బు లేదు" అంటారు. చక్కటి సాకు! సాంచెలకు కరెంటు రాయితీ అనీ, మిల్లుల ఆధునీకరణ అనీ సేట్లు అడిగినప్పుడు ఖజానాలో కనబడే డబ్బు పిల్లల గిన్నె దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోతుంది? కొత్తగా వచ్చిన పిల్లకు రోజుకు కావలసింది 150 గ్రాముల ధాన్యం, దాని వంట ఖర్చు.

"బయటి రాష్ట్రం వాళ్లు" అంటారు. మేము నేసిన బట్ట బయటిది కాదు గదా! భివండీ గ్రేకు, సోలాపూర్ చద్దరుకు తెలుగు చేతులు పనికొచ్చినప్పుడు ఆ చేతుల పిల్లలు పరాయివాళ్లెట్లా అవుతారు?

ఇక మనలో మాట. తప్పంతా సర్కారుదేనని రాసి ఊరుకోం. "ఖిచిడి కోసం బడికి పంపుతమా, మా పరువేం గావాలె?" అని మన సభ్యుల్లోనే కొందరు అన్నారు. అప్పు చేసి చిన్న ప్రైవేటు బడిలో వేసి, పిల్లకు డబ్బాలో నిన్నటి రొట్టె పెట్టి పంపుతున్నారు. అన్నలారా, అక్కలారా! బోనస్ తీసుకుంటే పరువు పోతుందా? పీఎఫ్ అడిగితే పరువు పోతుందా? ఇదీ అట్లాంటిదే. మనం కొనే ప్రతి వస్తువు మీదా పన్ను కడుతున్నాం. ఆ డబ్బే మన పిల్ల పళ్లెంలోకి తిరిగి వస్తోంది. మనం సిగ్గుపడి తప్పుకుంటే ఆ బడి ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన బడిని రేపు మూసేస్తారు. అప్పుడు తినే పిల్లకు కూడా బువ్వ ఉండదు.

మన డిమాండ్లు

1. బడిలో కూర్చున్న పిల్లకు అదే రోజు పళ్లెం పెట్టాలి. కాగితాల సంగతి తర్వాత చూసుకోవాలి.

2. టీసీ, జనన పత్రం, ఆధార్ తెప్పించుకునే పని బడిది, నగరపాలికది. తల్లిదండ్రులది కాదు. రెండు బడుల మధ్య టీసీ నేరుగా రావాలి.

3. ప్రతి జూన్‌లోనూ, మళ్లీ దసరా తర్వాతా, నగరపాలిక మనుషులు వార్డు వార్డు తిరిగి 14 ఏళ్ల లోపు పిల్లల జాబితా రాయాలి. వలస కార్డు రేషన్ దుకాణంలో చెల్లిన వెంటనే ఆ కుటుంబం పిల్లల సమాచారం దగ్గరి బడికి చేరాలి.

4. మహారాష్ట్ర ప్రభుత్వం 9, 10 తరగతులకు భోజనం పెట్టాలి.

5. 25 శాతం సీట్లలో ఉన్న పిల్లలకు, చేరిన జాబితా ప్రకారమే, మళ్లీ దరఖాస్తు అడగకుండా భోజనం అందించాలి.

6. పేరు లేదని పస్తు పెట్టిన రోజులకు ఆహార భద్రతా భత్యం చెల్లించాలి.

ఆ పిల్ల సంగతి చెప్పి ముగిస్తాం. మేము చట్టం సెక్షన్లు రాసి, నలభై మంది కార్మికుల సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. పగలు పాళీ వాళ్లు గంటసేపు పని ఆపి వచ్చారు. అర్జీ చూసిన పెద్దసారు, "ఇట్ల రాసిచ్చిండ్రు కదా, ఇగ నాకు భయం లేదు" అని మా ముందే పేరు రాశాడు. ఆ మధ్యాహ్నం పిల్ల వరుసలో నిలబడింది. టీసీ తర్వాత తపాలాలో వచ్చింది. తండ్రి ఒక్క పాళీ కూడా పోగొట్టుకోలేదు.

ఒక్క పిల్లకు నలభై సంతకాలు కావాల్సి వచ్చాయి. సంఘం లేని వాడలో ఉన్న పిల్ల ఏమైపోవాలి? అందుకే ఇది సంఘం పని. మీ ఖోలీల వరుసలో కొత్తగా వచ్చిన కుటుంబం ఉంటే ఈ రోజే పోయి అడగండి. పిల్లలెంతమంది, బడికి పోతున్నారా, మధ్యాహ్నం తింటున్నారా అని. తినని పిల్ల ఒక్కతి ఉన్నా సంఘం ఆఫీసులో పేరు రాయించండి. పాళీ దిగిన తర్వాత రాత్రి ఎనిమిదింటికి ఆఫీసు తెరిచే ఉంటుంది.

నగరపాలిక రాయని పేర్లు ముందు మనం రాద్దాం. ఆ పుస్తకం పట్టుకొని అందరం కలిసి నగరపాలికకు పోదాం!

బడికొచ్చిన ప్రతి పిల్లకూ పళ్లెం!
కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!